టన్నుకు కిరాయి, కిలోమీటరుకు ఖర్చు

మన దగ్గర లారీ కిరాయి టన్నుల లెక్కన మాట్లాడతారు. "తెనాలి టు వాషి, బియ్యం, ఇరవై ఐదు" అని బ్రోకరు అన్నాడంటే తెనాలి నుంచి నవీ ముంబైలోని వాషికి టన్నుకు 2,500 అని. బండికి మాత్రం ఆ భాష తెలియదు. నడిస్తే కిలోమీటరుకు ఇంత తింటుంది, ఆగితే రోజుకు ఇంత తింటుంది. ఒక్క బండి ఉన్నవాడికి ఈ తక్కువ కిరాయిల్లో ఏమైనా మిగులుతుందా అని మావాళ్లు అడుగుతూనే ఉంటారు. సొంత బండి తీసుకున్నప్పటి నుంచి ప్రతి లోడుకూ లెక్క రాసుకుంటున్నాను. అందులో తేలింది ఇక్కడ పెడుతున్నాను. నా అంకెలే మీవి కావాలని లేదు. రూటు, బండి, డీజిల్ రేటు మారితే అవీ మారతాయి.

ముందు చాలా ఏళ్లు వేరేవాళ్ల బండ్ల మీద డ్రైవర్‌గా చేశాను. తర్వాత ఫైనాన్స్‌లో 2019 మోడల్ 12 టైర్ల సెకండ్‌హ్యాండ్ బండి తీసుకున్నాను. బండీ సరుకూ కలిపి 35 టన్నులు దాటకూడదు. బాడీ, పట్టాలు, తాళ్లు, గొలుసులు, స్టెప్నీ అన్నీ పోను కాటా మీద 24 టన్నుల సరుకు వేసుకోవచ్చు. కొత్తది ఎందుకు తీసుకోలేదు అంటారా, వాయిదా చూసి భయపడ్డాను, అంతే.

నా ఖర్చు లెక్క ఇది. లోడు మీద నా బండి లీటరుకు 4 కిలోమీటర్లు ఇస్తుంది. డీజిల్ 95 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకు 24. టోల్ సగటున 6. డ్రైవరు జీతం, బత్తా కలిపి 4. కొత్త టైరు ఇరవై వేల పైమాటే, అలాంటివి పన్నెండు. ఎంత జాగ్రత్తగా వాడినా కిలోమీటరుకు 3 పడుతుంది. ఆయిలు, గ్రీజు, చిన్నాచితకా రిపేర్లు, బ్రోకరు కమీషను, లోడింగ్ మామూళ్లు, దారి మామూళ్లు కలిపి ఇంకో 3. మొత్తం 40. ఖాళీగా వస్తే మైలేజీ 6 దాకా వస్తుంది, లిఫ్ట్ యాక్సిల్ (ఖాళీ బండికి పైకి లేపే చక్రాల జత) ఎత్తేస్తే టైర్లూ తక్కువ అరుగుతాయి, కాబట్టి 30తో సరిపోతుంది.

ఇది తిరిగినప్పుడు అయ్యే ఖర్చు. తిరగకపోయినా అయ్యేది వేరే ఉంది. అప్పు ఉన్నన్నాళ్లూ నా వాయిదా నెలకు 45,000. ఇన్సూరెన్స్‌లో ఒక్క థర్డ్ పార్టీకే, 20 నుంచి 40 టన్నుల బండికి 2022లో ప్రభుత్వం పెట్టిన రేటు ఏడాదికి 43,950 రూపాయలు. దానిమీద జీఎస్టీ, మన బండి దెబ్బతింటే పనికొచ్చే ఓన్ డ్యామేజీ కలుపుకోవాలి. నేషనల్ పర్మిట్ ఏడాదికి 16,500. మూడు నెలలకోసారి ట్యాక్సు, ఇవి కాక ఫిట్‌నెస్. ఇవన్నీ నెలకు విడగొడితే 12,000. వాయిదాతో కలిపి 57,000, అంటే రోజుకు 1,900. బండి షెడ్డులో ఉన్నా, నేను పెళ్లికి వెళ్లినా, హమాలీలు సమ్మె చేసినా ఆ 1,900 ఆగదు. మా డ్రైవర్లలో చాలామంది డీజిల్ లెక్క వేలిముద్ర వేసినంత సులువుగా చెప్పేస్తారు. ఈ రోజువారీ ఖర్చు మాత్రం ఎవరూ నోటితో అనరు.

ఇప్పుడు ఒక ట్రిప్పు చెబుతాను. నా రూటు ఎక్కువగా 65వ నంబరు జాతీయ రహదారే. మచిలీపట్నం నుంచి విజయవాడ, హైదరాబాద్, షోలాపూర్ మీదుగా పుణె వెళ్లే రోడ్డు. తెనాలి మిల్లులో బియ్యం ఎక్కించి నవీ ముంబై వాషి మార్కెట్‌లో దించాలి. వెయ్యి కిలోమీటర్లు. టన్నుకు 2,500 చొప్పున 24 టన్నులకు 60,000, అంటే కిలోమీటరుకు 60. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి టోళ్లు దాటేదాకా అందరూ నవ్వుతూనే ఉంటారు, ఈ కిరాయికి ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బంది వాషిలో బస్తాలు దిగాక మొదలవుతుంది.

దించాక వాషికి దగ్గర్లోని కళంబోలి వెళ్లాలి. అక్కడ ఐరన్ మార్కెట్, దాని చుట్టూ లారీలు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రా, రాజస్థాన్, ఎక్కడి నంబరు ప్లేటు కావాలన్నా కనిపిస్తుంది. అందరూ ఊరికి లోడు కోసమే ఎదురుచూస్తుంటారు. ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పాలమూరు వైపు కుర్రాడు గుమస్తా. నన్ను చూడగానే రేటు చెప్పేశాడు.

"అన్నా, విజయవాడ ఆటోనగర్, ఐరన్ ప్లేట్లు, పద్నాలుగు యాభై. ఇప్పుడు పెడితే రాత్రికి లోడ్ అయితది."

"పద్నాలుగు యాభైకి డీజిల్, టోల్ పోను ఏం మిగులుద్ది తమ్ముడూ?"

"మొన్న పదహారు యాభై ఉండె. ఇయ్యాల బండ్లు చూడు ఎన్ని పడి ఉన్నయో. మూడు దినాలు కూసుంటే మళ్ల రావచ్చు, రాకపోనూవచ్చు."

టన్నుకు 1,450 అంటే మొత్తం 34,800. కిలోమీటరుకు 35 రూపాయలు కూడా లేదు. నడిపే ఖర్చే 40. పక్కన నిలబడ్డ నెల్లూరు బండాయన "ఆ రేటుకు పెట్టేవాళ్లుండబట్టే మార్కెట్ ఇట్లా తగలడింది" అని నాకు వినపడేలా అన్నాడు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. కానీ నేను ఆ లోడే పెట్టాను. ఎందుకంటే నా ముందు ఉన్నవి మూడే దారులు.

ఖాళీగా వస్తే వెయ్యి కిలోమీటర్లకు 30 చొప్పున 30,000 చేతి నుంచి పడుతుంది. లోడుతో వస్తే 40,000 అవుతుంది. అంటే లోడు ఎక్కించుకున్నందుకు అదనంగా పడే ఖర్చు 10,000, వచ్చేది 34,800. ఖాళీగా రావడం కంటే ఇది ఏ రకంగా చూసినా నయం. ఇక మూడోది, 1,650 వచ్చేదాకా కూర్చోవడం. టన్నుకు 200 పెరిగితే 24 టన్నులకు 4,800 ఎక్కువొస్తుంది. మూడు రోజులు ఆగితే రోజుకు 1,900 చొప్పున 5,700 పోతుంది. హోటల్ తిండి, పార్కింగ్ దీనికి అదనం. పౌరుషంగా కూర్చుంటే జేబులోంచి 900 పెట్టుకుని కూర్చున్నట్టు.

కళంబోలిలో ఆగిన ప్రతి బయటి రాష్ట్రం బండివాడూ ఇదే లెక్క వేస్తాడు, నోటితో చెప్పినా చెప్పకపోయినా. ఊరికి ఎలాగూ వెళ్లాలి కాబట్టి పది వేలకు పైన ఎంతొచ్చినా లాభమే అనిపిస్తుంది. అందుకే అక్కడి నుంచి మన వైపు రేటు లేవదు. పాపం మహారాష్ట్ర బండివాడికి అది వెళ్లే లోడు, మనం ఒప్పుకున్న రేటుకే వాడూ బయల్దేరాలి. ఇందులో మనం దొంగలం, వాళ్లు దొరలు అనేదేం లేదు. గుంటూరులో రాజస్థాన్ బండివాడు మన మీద చేసేదీ ఇదే. వాడికి ఊరికి లోడు దొరికితే చాలు. మిర్చి యార్డు సీజన్ ఊపులో ఉన్న ఫిబ్రవరి, మార్చిల్లో మాత్రం బండ్లన్నీ మిర్చికి లాగేస్తారు కాబట్టి బియ్యానికి కూడా మంచి రేటు పలుకుతుంది. మిగతా ఏడాదంతా బ్రోకర్లదే రాజ్యం.

ఇప్పుడు ఆ ట్రిప్పు మొత్తం కూడండి. వెళ్లేటప్పుడు 60,000, వచ్చేటప్పుడు 34,800, మొత్తం 94,800. రెండు వేల కిలోమీటర్లకు నడిపే ఖర్చు 80,000. లోడింగ్, అన్‌లోడింగ్, ప్రయాణం కలిపి ఎనిమిది రోజులు, వాటికి 15,200. మొత్తం ఖర్చు 95,200. అంటే 400 నష్టం. ఇంత తిరిగి, టీ ఖర్చంత తేడాతో గట్టెక్కడం.

అదే బండిని నేనే నడుపుకుంటే? డ్రైవరుకిచ్చే 8,000 నాకే ఉంటుంది. 7,600 మిగులుతుంది. నేను చేసింది అదే. బండి నాదే, డ్రైవర్నీ నేనే. కానీ ఈ 7,600ని లాభం అనడానికి నాకు మనసొప్పలేదు. అది నా స్టీరింగ్ కూలీ. మా వాళ్లు చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్రిప్పు ముగిశాక జేబులో ఉన్న డబ్బు చూసుకుని "ఫర్వాలేదు, తక్కువ కిరాయికి కూడా మిగిలింది" అంటారు. ఆ మిగిలింది వేరేవాడి బండి నడిపినా వచ్చేదే. నెల లెక్క చూస్తే ఇంకా చేదుగా ఉంటుంది. నెలకు మూడు రౌండ్లు పడితే గొప్ప. మూడు ట్రిప్పులకు 22,800. తిరగని ఆరు రోజుల ఖర్చు 11,400 తీసేస్తే మిగిలేది 11,400. పరాయి బండి మీద అదే దూరం నడిపితే 24,000 వచ్చేది. సొంత బండి ఓనరు, కొలువు డ్రైవరు సంపాదనలో సగం దగ్గర ఆగిపోయాడు. వాయిదాలో అసలు కూడా ఉంది కదా, బండి నీదవుతోంది కదా అని మా ఆవిడ అంటుంది. నిజమే. ఆ నమ్మకం మీదే వాయిదాలు కట్టాను. అయితే బండి నాదయ్యే కొద్దీ పాతదీ అవుతోంది.

కిలోమీటరుకు ఎక్కువ వచ్చే లోడు చూసుకోవచ్చు కదా అంటారు. చూశాను. జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఎక్కించి హైదరాబాద్‌లో దించితే టన్నుకు 600 ఇచ్చారు. 14,400 రూపాయలు, రెండు వందల కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 72. వాషి కిరాయి కంటే ఎంతో నయంగా కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు లోడు లేదు. వెళ్లేటప్పుడు 8,000, ఖాళీగా రావడానికి 6,000. ఫ్యాక్టరీ దగ్గర సీరియల్ వచ్చేదాకా ఆగి, హైదరాబాద్‌లో పగలు సిటీలోకి బండి రానివ్వక ఔటర్ దగ్గర ఆగి, రెండు రోజులు అయింది. 3,800. నికరంగా 3,400 నష్టం. 35 రూపాయల లోడు నన్ను నిలబెట్టింది, 72 రూపాయల లోడు ముంచింది. ఆ తర్వాత నుంచి ఏ లోడైనా ఇంటి దగ్గర బయల్దేరి మళ్లీ ఇంటికి చేరేదాకా మొత్తం కలిపి, రోజులు కూడా వేసి చూడటం మొదలుపెట్టాను. వెళ్లే కిరాయి ఒక్కటే విని ఓకే చెప్పడం మానేశాను.

రేటు నా చేతిలో లేదు కాబట్టి ఖర్చు మీద పడ్డాను. ఇందులో డీజిల్‌దే పెద్ద భాగం. ఆంధ్రాలో వ్యాట్ ఎక్కువ. అదే జహీరాబాద్ దాటి కర్ణాటకలోకి వెళ్తే హుమ్నాబాద్ దగ్గర బంకుల్లో లీటరుకు ఐదారు రూపాయలు తక్కువ ఉండేది. ఇంటి దగ్గర అక్కడిదాకా సరిపోయేంతే పోయించుకుని, హుమ్నాబాద్‌లో ట్యాంకు నిండా కొట్టించేవాణ్ని. 350 లీటర్లకు రెండు వేలకు అటూఇటూగా మిగిలేది. అంటే ఒక రోజు ఖర్చు అక్కడే వచ్చేసేది. ఆ బంకుల ముందు మన ఏపీ, టీఎస్ బండ్ల వరస చూస్తే ఈ లెక్క అందరికీ తెలుసని అర్థమవుతుంది. అరవై దాటకుండా నడపడం ఇంకోటి. డ్రైవర్‌ని పెట్టుకున్నప్పుడు ఇది చెప్పి ఒప్పించడం కష్టం, సొంతంగా నడిపితే కాలు మన మాట వింటుంది.

ఓవర్‌లోడు మాట కూడా చెప్పాలి, ఎందుకంటే తక్కువ కిరాయి నిలబడేది దానిమీదే. 24 టన్నులకు బదులు 30 వేస్తే ఆ 1,450 రేటులోనే తొమ్మిది వేల దాకా అదనంగా వస్తాయి. చాలామంది అదే లాభం అనుకుని రేటు తగ్గించి ఒప్పుకుంటారు, దాంతో రూలు ప్రకారం వెళ్లేవాడికి కిరాయి గిట్టదు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చాక ఓవర్‌లోడుకు 20,000 రూపాయల ఫైన్, పైన ప్రతి టన్నుకూ 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దించాలి. ఒక్కసారి పట్టుబడితే మూడు ట్రిప్పుల ఓవర్‌లోడు డబ్బు పోతుంది. దానికంటే టైరు పగలడం, కమాను కట్టలు విరగడం ఎక్కువ ఖర్చు. దీనికి ముందు 2018 జులైలో కేంద్రం యాక్సిల్ లోడు, అంటే ఒక్కో ఇరుసు మీద మోయనిచ్చే బరువు, పెంచింది. పది టైర్ల బండికి 25 టన్నులు ఉన్నది 28.5 అయింది. అప్పటిదాకా దొంగతనంగా వేసుకున్న సరుకు ఒక్క రోజులో రూలు అయింది. లారీలు అవే, సరుకు అదే, ఒక్కో బండి మోసేది పెరిగింది. ఇక కిరాయి ఎక్కడ పెరుగుతుంది?

డబ్బు చేతికి రావడం ఇంకో కథ. లోడు ఎక్కగానే 80 శాతం అడ్వాన్స్, మిగతాది దించినట్టు ముద్ర వేసిన రసీదు ఆఫీసులో ఇచ్చాక. ఆ "ఇచ్చాక" ఎప్పుడో ఎవరూ చెప్పరు. ఒక ఆఫీసువాళ్లు నా బ్యాలెన్స్‌ను రెండు నెలలు తిప్పి, చివరికి రెండు బస్తాలు తడిశాయని కొంత కోసి ఇచ్చారు. ఎప్పుడు చూసినా నా డబ్బు అరవై వేల దాకా బయటే ఉండేది. ఆ లోటుకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నాను, నెలకు 1,200 అటు పోయింది. టీడీఎస్, అంటే కిరాయిలోంచి ముందే పట్టుకునే పన్ను, కూడా కోసేవాళ్లు. పది బండ్లకు మించని ఓనరు పాన్ నంబరుతో డిక్లరేషన్ ఇస్తే 1961 ఆదాయపు పన్ను చట్టం 194సీ సెక్షన్ కింద కోయనక్కర్లేదని మా ఆడిటర్ చెబితే, లెటర్ జిరాక్సులు తీయించి బండిలో పెట్టుకున్నాను. అడిగిన చోటల్లా ఒకటి ఇచ్చేశాను, కోయడం ఆగింది.

ఆ ఆడిటర్ దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. అదే చట్టం 44ఏఈ సెక్షన్ కింద 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు వెయ్యి రూపాయలు ఆదాయం వచ్చినట్టు లెక్క. మొత్తం బరువు మీద వేస్తారు. నా 35 టన్నుల బండికి నెలకు 35,000, ఏడాదికి 4,20,000. "ఏడాదంతా తిరిగినా అంత రాలేదు సార్" అన్నాను. "తక్కువ చూపించాలంటే పుస్తకాలు రాసి ఆడిట్ చేయించాలి, నా ఫీజు నీ తేడా కంటే ఎక్కువ" అని నవ్వాడు. ఎలాగూ ఆ మొత్తానికి ట్యాక్సు పడదు, రిటర్న్ ఉంటే బ్యాంకులో పనికొస్తుంది, వేసేయమన్నాను.

వాయిదాలు తీరాక పరిస్థితి నిజంగానే మారింది. రోజు ఖర్చు 1,900 నుంచి 400కు దిగింది. అదే వాషి ట్రిప్పు, అదే 1,450 తిరుగు కిరాయి. ఎనిమిది రోజులకు 3,200 తీసేస్తే 11,600 మిగులుతుంది, నా డ్రైవరు కూలీ 8,000 వేరే. నెలకు మూడు ట్రిప్పులు, ఖాళీ రోజుల ఖర్చు పోను 56,000 పైన. అందులో కూలీ 24,000 తీసేస్తే 32,000 చిల్లర. దీన్ని లాభం అంటాను. 44ఏఈ అనుకునే 35,000 దగ్గరికి చేరింది అప్పు లేని రోజుల్లోనే. అందులోంచి కూడా నెలకు పది వేలు తీసి పక్కన పెడుతున్నాను. ఇంజిన్ పని వస్తే లక్షన్నరకు తక్కువ కాదు, ఈ బండి వయసుకు అది రావడం ఖాయం.

ఒక తేడా మాత్రం గమనించాను. అప్పు లేకపోయాక కళంబోలిలో రెండు రోజులు ఆగడం నాకు చేతనవుతోంది. రెండు రోజులకు 800 ఖర్చు, రేటు వంద పెరిగితే 2,400 లాభం. ఇదివరకు పద్నాలుగు యాభైకి పరిగెత్తినవాణ్ని ఇప్పుడు "పదహారు అయితే పిలువు తమ్ముడూ" అని బండి కింద చాప వేసుకుంటున్నాను. వాయిదాలున్న బండ్లు నన్ను దాటుకుని వెళ్లిపోతుంటాయి. వాళ్లను తప్పు పట్టను. వాళ్ల రోజుకు 1,900, నా రోజుకు 400.

ఈమధ్య మా బావ కొత్త 12 టైర్ల బండి తీసుకుంటానని వచ్చాడు. జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, ఇదే అదను అన్నాడు. షోరూమ్‌వాళ్లు రాసిచ్చిన వాయిదా 95,000. ఇన్సూరెన్స్, పర్మిట్ కలిపితే నెలకు 1,10,000 దాటుతుంది, రోజుకు 3,700. ఎనిమిది రోజులకు 29,600. వాషి ట్రిప్పులో నడిపే ఖర్చు పోను మిగిలేది 14,800. డ్రైవర్ని పెట్టుకుంటే ట్రిప్పుకు 14,800 చేతి నుంచి వేసుకోవాలి. తనే నడిపితే 6,800 లోటు. కొత్త బండి కాబట్టి మైలేజీ, రిపేర్లలో కిలోమీటరుకు రెండు మూడు రూపాయలు కలిసొస్తాయి, అప్పటికీ పూడదు.

"మరి కొత్త బండ్లు కొనేవాళ్లంతా పిచ్చోళ్లా?" అన్నాడు.

"వాళ్లలో చాలామందికి కంపెనీ కాంట్రాక్టులు ఉంటాయి బావా. రెండు వైపులా లోడు వాళ్ల సొంత ఆఫీసులే చూసుకుంటాయి. కళంబోలిలో మనలాగా గుమస్తా మొహం చూస్తూ నిలబడరు" అన్నాను.

తెలిసిన సిమెంటు డీలరు ద్వారా ఏడాది కాంట్రాక్టు కోసం అడుగుతున్నాడు. తిరుగు లోడు కూడా కాగితం మీద రాసిస్తే తీసుకోమన్నాను, లేకపోతే నాలాగా పాతది వెతుక్కోమన్నాను. డీలరు ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.